ఆఖరి బెంచీలో పెద్దమ్మ

సిద్దిపేట కోర్టు వరండాలో ఆ ముసలామె మళ్ళీ కనబడేసరికి మైసయ్య సారుకు ఒళ్ళు మండింది.

నాలుగు వాయిదాల నుంచీ చూస్తున్నాడు. ఎవరో తెలియదు. చింతమడక నుంచి బస్సులో వస్తుంది, భవాని పక్కన కూర్చుంటుంది, కొంగులో మూటగట్టి తెచ్చిన సర్వపిండి ముక్క తినిపిస్తుంది, వెళ్ళిపోతుంది. ఆమెకూ తనకూ వయసులో పెద్ద తేడా లేదన్న సంగతి మాత్రం సారుకు తట్టదు.

ఆమె పక్కనుంటే భవాని ఎవరి మాటా వినదు. అదీ సారు బాధ.

భవాని మొగుడు శైలేందర్ పేరున్న కబడ్డీ ఆటగాడు. టీవీలో అతను కూతకు పోయాడంటే ఊళ్ళో సగం మంది ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఆ చేతులతోనే పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టాడని కేసు. స్టేషన్లో కౌన్సెలింగు అయింది, చార్జిషీటు పడింది. ఇవాళ భవాని సాక్ష్యం.

వచ్చే వారం ఆటగాళ్ళ వేలం. కేసు నెత్తిమీదుంటే ఏ జట్టూ తీసుకోదు. భవాని బోనెక్కి "ఏం కాలేదు" అంటే చాలు, అంతా సాఫీ.

శైలేందర్‌కు కూత నేర్పింది పీఈటీగా పనిచేసిన మైసయ్యే. కొట్టావా అని అతన్ని ఒక్కసారీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది మరి.

వరండాలో నిలబడితే సారుకు పాత రోజులే కళ్ళముందు తిరుగుతాయి. ఇప్పుడంటే రబ్బరు చాపలు, రంగు బూట్లు. అప్పుడు మట్టి బరి. కోతలయ్యాక మడి చదును చేసి, ఇసుక చల్లి, సున్నంతో గీత గీస్తే అదే స్టేడియం. ఎనభై నాలుగు ఫైనల్లో తమ జట్టు దుబ్బయ్య కప్తాన్ తొడకొట్టి గీత దాటుతుంటే అవతలి జట్టు గుండెలు జారిపోయాయి. కప్పు నెత్తిన పెట్టుకొని కోమటిచెరువు కట్ట మీద తిరిగిన ఆ సాయంత్రం లాంటిది సారు బతుకులో ఇంకోటి రాలేదు. దుబ్బయ్య పోయి పదేళ్ళకు పైనే అయింది. ఇప్పటికీ సారు రోజూ ఆయన ఫొటోకు దండం పెట్టుకునే బయటికి అడుగు పెడతాడు.

అలాంటి ఆట మళ్ళీ శైలేందర్‌లోనే చూశాడు. ఎలా వదులుకుంటాడు?

భవాని లోపల సర్కారు వకీలు దగ్గరుంది. ఇదే అదనని సారు ముసలామె దగ్గరికి నడిచాడు.

"భవాని కోసమేనా అమ్మా?"

"అవు సారూ. పిలిచిన్రా?"

"లేదు. కేసు వాయిదా వడ్డది. జడ్జి సాబ్ సెలవుల ఉన్నడట."

"పిల్లేది మరి?"

"లోపట కాగితాల మీద సంతకాలున్నయట. ఆలస్యమైతది, నిన్ను పొమ్మన్నది."

ఆమె ఆయన తెల్ల చొక్కా వైపు, జేబులోని పెన్ను వైపు చూసింది. చదువుకున్న మనిషి.

"మంచిది సారూ. మళ్ళ వాయిదాకు తప్పకుండ వస్తనని చెప్పు. పిల్ల ఊకె భయపడుతది."

"చెప్త."

ఆమె గేటు దాటేదాకా చూసి సారు లోపలికి వెళ్ళాడు.

భవాని బోనెక్కింది. ముసలామె కూర్చునే ఆఖరి బెంచీ వైపు చూసింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ బెంచీ వైపు చూసింది. అక్కడ మైసయ్య సారు ఒక్కడే కూర్చొని, ఏం కాలేదను బిడ్డా అన్నట్టు తల ఊపుతున్నాడు.

"మీ చెయ్యి ఎట్ల విరిగింది?" సర్కారు వకీలు అడిగాడు.

భవాని ఆ చెయ్యిని కొంగు కింద దాచుకుంది.

"స్నానాల గదిల జారి పడ్డ."

సాక్షి ఎదురు తిరిగిందని రాసుకున్నారు. ఆ తరవాత కేసు కొట్టెయ్యడానికి పావుగంట పట్టలేదు.

బయట శైలేందర్ కారులో కూర్చొని హారన్ కొడుతున్నాడు. భవాని మాత్రం వరండా అంతా వెతుకుతోంది.

"ఎవరి కోసం బిడ్డా?" అన్నాడు సారు. గెలిచిన ఆట తరవాత ఉండే హుషారు ఆయన గొంతులో.

"పెద్దమ్మ రాలేదా సార్? రాకుంట ఉండది."

"ఎవరామె? మీ చుట్టమా?"

"చుట్టం కాదు. కేసు సంగతి పేపర్ల చూసి ఆమెనే వెతుక్కుంట వచ్చింది. దుబ్బయ్య కప్తాన్ భార్య సార్, అమృతమ్మ."

"దుబ్బయ్య కప్తానా?" అన్నాడు మైసయ్య.

"ఆమె గూడ ఒకప్పుడు ఠాణల కప్తాన్ మీద కాగితం ఇచ్చిందట. ఫైనల్ ముందు రోజు జట్టుల పిల్లగాడొకడు వచ్చి కాళ్ళు పట్టుకున్నడట. అక్కా, ఇగ చెయ్యెత్తడు, నాది జిమ్మ, నేను చూసుకుంట అన్నడట. నమ్మి వాపస్ తీసుకున్నది. కప్తాన్ సచ్చేదాక తన్నులు తిన్నది." భవాని మళ్ళీ గేటు వైపు చూసింది. "నీ దగ్గరికి గూడ గట్ల ఎవరన్న వస్తరు బిడ్డా, నువ్వు బోనుల నిలబడ్డప్పుడు నన్నే చూడు అన్నది."

"ఆ పిల్లగాడెవరో చెప్పిందా?" సారు అడిగాడు.

"పెద్దమ్మ తల వంచుకొనే ఉన్నదట. మొఖం చూడలే అన్నది."

మళ్ళీ హారన్ మోగింది. భవాని కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజు కాళ్ళు పట్టుకున్న పందొమ్మిదేళ్ళ పిల్లగాడు మైసయ్యే, ఇవాళ కూడా ఆమె ఆయన మాట నమ్మే బస్సెక్కింది.