కొట్టుకున్న డబ్బా, కొట్టేసిన డబ్బా

ఆదివారం పందెం గెలవాలంటే చరణ్ బండి మీది డబ్బా కొట్టేయక తప్పదని కోటేశ్వర్ శుక్రవారం పొద్దున్నే తేల్చుకున్నాడు.

ఇద్దరివీ ఒకే కంపెనీ డర్ట్ బైకులు. ఇద్దరూ రోజూ నడిపేది పిడుగురాళ్ల పాత క్వారీలోనే. మొన్నమొన్నటిదాకా ఇద్దరూ సమానం. రెండు నెలలుగా మాత్రం చరణ్ ముందు, కోటేశ్వర్ వెనక. వెనకంటే మామూలు వెనక కాదు, చరణ్ రేపిన దుమ్ము నేలకు సర్దుకున్నాక వచ్చేంత వెనక.

కారణం ఆ డబ్బా. ఫ్యూయల్ ఇంజెక్షన్ కంట్రోలర్ అంటారు. ఇంజనులోకి పెట్రోలు ఎంత పోవాలో లెక్క చెప్పే పెట్టె. మెకానిక్ ఏలియా దాన్ని హ్యాండిల్ పక్కన బిగించి పచ్చ లైటు వెలిగించాడు. "డాక్టరు ఇంజెక్షను మనిషికి, ఏలియా బాబాయ్ ఇంజెక్షను ఇంజనుకి" అని చరణ్ ఊరంతా చెప్పుకున్నాడు. సొంత డబ్బా కొట్టుకునేవాళ్లను పల్నాడు చాలామందిని చూసింది గానీ, కొట్టుకోవడానికి నిజంగానే డబ్బా ఉన్నవాడు ఇతనొక్కడే.

బిగిస్తే సరిపోదట, ప్రతి శనివారం సాయంత్రం ట్యూనింగ్ కూడా చేయించాలట. ఏలియా ల్యాప్‌టాప్ తెరిచి, చరణ్‌ను టీకి పంపేసి, షట్టరు దించేస్తాడు.

"ఓనరు పక్కనుంటే సెన్సారు సిగ్గుపడుద్దిరా. గంటాగి రా. ఇంకో మాట, సీటు మాత్రం నువ్వు విప్పమాక. వారంటీ పోద్ది."

గంట తర్వాత బండి బాణం.

కోటేశ్వర్ కూడా ఒక డబ్బా పెట్టించుకుందామనుకున్నాడు. కానీ ఊళ్లో ఇంకో బండికి పెట్టనని చరణ్ అప్పటికే ఏలియా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో కోటేశ్వర్ నాన్న ఇంకో ఒట్టు వేశాడు. ఈసారీ ఓడితే బండి అమ్మేసి, కొడుకును సున్నపు బట్టీ కాటా దగ్గర కూర్చోబెడతాడట. అంటే బైకు పోయి డర్టు మిగులుతుంది.

శనివారం మధ్యాహ్నం చరణ్ మెస్సులో గోంగూర కలుపుకుంటుండగా బయట పని జరిగిపోయింది. రెండు స్క్రూలు, ఒక కటింగ్ ప్లయరు, ఒక నిమిషం. తెగినవి రెండే వైర్లు, ఎరుపొకటి, నలుపొకటి. ఇంత తెలివికి రెండే నరాలా అని కోటేశ్వర్ ఆశ్చర్యపోయాడు గానీ, దొంగకు తీరిగ్గా ఆశ్చర్యపోయే వీలుండదు.

ఇంటికెళ్లి తన బండి సీటు విప్పాడు. కొన్నప్పటినుంచీ విప్పడం అదే మొదలు. బ్యాటరీ కోసం వెతుకుతుంటే ఇంజను ఊపిరి పీల్చుకునే గాలి ఫిల్టరు అడ్డమొచ్చింది. తీసి చూస్తే పండక్కి సున్నం కొట్టిన గోడలా ఉంది. రెండు తుమ్ములు తుమ్మి, దాన్ని అరుగుకేసి నాలుగు బాది, దుమ్ము దులిపి మళ్లీ పెట్టేశాడు. తర్వాత అసలు పని. ఎరుపు వైరు ఒకవైపు, నలుపు వైరు ఇంకోవైపు బ్యాటరీకి తగిలించాడు. పచ్చ లైటు వెలిగింది. ఎవరి కంటా పడకుండా డబ్బాను సీటు కిందే దాచాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బండికి కొత్త సామాను ఎక్కాక బొట్టు పెట్టకుండా వదిలేయడానికి అతనికి మనసొప్పలేదు. డబ్బా దాచిన చోటే, సీటు పక్కన, పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టాడు.

అటు చరణ్ ఏడుపు మొహంతో ఏలియా షాపుకు పరిగెత్తాడు.

"పోతే పోయిందిలేరా. పోలీసులూ గీలీసులూ మనకెందుకు? బండి లోపల పెట్టు, ట్యూనింగ్ చేసిస్తా" అన్నాడు ఏలియా.

"డబ్బానే లేకపోతే దేన్ని ట్యూన్ చేస్తావు బాబాయ్?"

చరణ్ అటునుంచటే స్టేషనుకు పోయి కాగితం రాసిచ్చాడు.

ఆదివారం క్వారీలో కోటేశ్వర్ దుమ్ము రేపాడు. చరణ్ ఆ దుమ్ము తిన్నాడు. అతని బండి దగ్గుతూ, ఆయాసపడుతూ నాలుగోదిగా వచ్చింది.

బందోబస్తుకొచ్చిన హెడ్ కానిస్టేబుల్ కరీమున్నీసా గెలిచిన బండి చుట్టూ ఒక రౌండు కొట్టింది.

"ఏందయ్యా, ఎవరైనా బొట్టు హెడ్‌లైటు కాడ పెడతారు. నువ్వేంది, బండికి నడుం మీద పెట్టావు?"

"మా ఇంటి ఆచారం మేడం."

"చానా ఆచారాలు చూశాలే. సీటు విప్పు."

డబ్బా బయటపడింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ఆరిపోయింది కోటేశ్వర్ మొహం.

వస్తువును గుర్తుపట్టడానికి ఏలియాను పిలిపించారు. అతను దాన్ని చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది నాది కాదు మేడం."

"కాదంటావేంది బాబాయ్? నీ చేత్తో బిగించావుగా" అన్నాడు చరణ్.

"కుర్రోళ్లు మేడం, రాజీ చేసి పంపిద్దాం. దాన్ని మాత్రం విప్పమాకండి."

విప్పొద్దన్నదాన్ని విప్పడానికే ప్రభుత్వం పోలీసులకు జీతమిస్తోంది. కరీమున్నీసా స్క్రూడ్రైవరు తెప్పించి మూత లేపింది. లోపల పచ్చ లైటు, దానికి రెండు వైర్లు. బరువు కోసం ఒక సున్నపురాయి ముక్క. ఇంకేమీ లేదు.

కోటేశ్వర్ వంగి డబ్బాలోకి తొంగి చూశాడు.

"మరి నేనెట్టా గెలిచా?" అన్నాడు కోటేశ్వర్, తను దొంగగా పట్టుబడ్డ సంగతి కూడా మరిచిపోయి.

"అది నువ్వే చెప్పాలి. డబ్బా పెట్టేటప్పుడు బండికి ఇంకేం చేశావు?" అంది కరీమున్నీసా.

"ఏం చెయ్యలా మేడం. ఫిల్టరు నిండా సున్నపు దుమ్ముంటే అరుగుకేసి కొట్టి దులిపా. అంతే."

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న ఏలియా చటుక్కున తలెత్తాడు.

"అయితే కేసు రాయాల్సిందే మేడం. డబ్బాదేముంది, ఇంకోటి చేసుకుంటా. వాడు కొట్టేసింది నా ట్యూనింగు."