తాబేలు వీపు

పొగమంచులో ఆ వాగు పాలలా పారుతుండేది. వాగు దాటించే పని అడవంతా కలిసి ఒక తాబేలుకు అప్పజెప్పింది. అది మహా నియమం గలది, ఆకు తప్ప ముట్టదు.

ఒకనాటి పొద్దున్నే ముంగిస పరుగున వచ్చింది. "తాబేలన్నా, నీళ్లు పొంగుతున్నాయి. లంకలో నా పిల్లలు చిక్కుకున్నారు, దాటించు!"

"నీ నోరంతా నీచు కంపు. నిన్ను మోస్తే నా వ్రతం చెడుతుందమ్మా," అని తాబేలు తల లోపలికి లాక్కుంది. లోపల చల్లగా, హాయిగా ఉంది. కానీ పిల్లల అరుపులు డిప్పలోకి కూడా వస్తున్నాయి.

గట్టుమీది ముసలి కప్ప నవ్వింది. "నీ భక్తి బంగారం గానూ! వ్రతం నీ నోటిది. వీపు మేమందరం పెట్టుకున్న రేవు. మోయలేనంటే తప్పుకో, ఇంకొకరు మోస్తారు."

"ఇంకెవరున్నారు?"

"అదే నేనూ అడుగుతున్నా."

తాబేలు మెల్లగా తల బయటపెట్టింది. "ఎక్కు తల్లీ."

తిరిగొచ్చేటప్పుడు మంచులో గట్టు కనబడలేదు. తాబేలు దేవుణ్ణి తలుచుకుంటూనే ఈదింది. తడిసిన పిల్లలు తల్లిని కరుచుకుని తాబేలు వీపు మీదే నిద్రపోయాయి. ఒడ్డు తగిలాక కూడా అది కాసేపు కదల్లేదు, అవి లేస్తాయేమోనని.