ఇత్తడి కాఫీ మర

"మీ ఇంటికి నిప్పు పెట్టిందెవరో కళ్ళారా చూశారా?" బోస్నియాలోని సరాయెవో కోర్టులో మోమిర్ తరఫు లాయరు గద్దించాడు.

"చూళ్ళేదు. అప్పటికే అడవిలోకి పారిపోయాం," అంది షెమ్సా.

"అయితే ఫిరంగి గుండు పడి కాలిపోయింది. యుద్ధంలో అలాంటివి మామూలే."

బోనులో మోమిర్ నవ్వాడు. యుద్ధానికి ముందు రోజూ ఆమె వంటింట్లో కూర్చుని కాఫీ తాగిన పొరుగువాడు.

షెమ్సా అతని వైపు తిరిగింది. "ఇల్లు పోతే పోయింది. మా అత్తగారి ఇత్తడి కాఫీ మర ఏం చేశావురా, దొంగ వెధవా? మీ ఆచారమంటూ మీ అమ్మ సమాధి మీద పోసేది దాంట్లో ఆడించిన కాఫీయేనా?"

లాయరు చెయ్యెత్తి ఆపబోయాడు. మోమిర్ అప్పటికే లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నోర్ముయ్యవే! దొంగతనం మా ఇంటా వంటా లేదు. పెట్రోలు పోసేటప్పుడు చూశాను, మీ గూట్లో అసలు మరే లేదు!"

లాయరు కుర్చీలో కూలబడ్డాడు. జడ్జి కలం తీసుకున్నాడు.

"ఎలా ఉంటుందిరా?" అంది షెమ్సా. "పారిపోతూ నేనే చంకన పెట్టుకుపోయాను. ఇవాళ పొద్దున కూడా దాంట్లోనే ఆడించుకుని తాగొచ్చాను."