చింతగింజంత అద్దం

గంగమ్మ తన పలకని కొల్లేట్లోకి విసిరేసింది.

మరి విసరదా? యాభై ఏళ్లొచ్చాక, చేపల బుట్ట దించి, వయోజన పాఠశాలలో అక్షరాలు దిద్దిన మనిషి. మాస్టారు రాసిందల్లా గడగడా చదివేది. తీరా పంతొమ్మిది వందల యాభై నాలుగులో ఆకివీడుకి డేరా టాకీసు వస్తే, తెర మీద పడ్డ పేర్లు ఒక్కటీ చదవలేకపోయింది. అవి మాస్టారు నేర్పిన అక్షరాలు కావు పొమ్మంది. పక్కవాళ్లు పడీపడీ నవ్వారు.

ఆ కబురు మోతుబరి బుల్లిరాజు చెవిన పడింది. ఆయన మీసం మీద నిమ్మకాయ నిలబడుతుందని ఊళ్లో ప్రతీతి. చేపలు తెచ్చిన గంగమ్మతో నలుగురి ముందూ అనేశాడు.

“ఆ తెర మీద ఒక్క ముక్క నువ్వు చదివితే, నా మీసం తీయించేస్తానే గంగా.”

గంగమ్మ కొడుకు తాతారావు ఏలూరులో కళ్లజోళ్ల వీరాస్వామి దగ్గర అద్దాలు అరగదీస్తాడు. అమ్మ ఏడుస్తూ చెప్పిందంతా విని నవ్వడం మొదలెట్టాడు. ఆపితే ఒట్టు. నువ్వూ నవ్వరా అంటూ ఆవిడ చేట విసిరింది.

మర్నాటి నుంచీ వాడికి అదే పిచ్చి. పగిలిన అద్దం ముక్కని ఎమెరీ పొడితో, నీళ్లతో చింతగింజంత కటకంగా అరగదీశాడు. మొదటిదానికి గీత పడింది. రెండోది వేళ్లలోంచి జారి కాలవలో పడింది. ఈల వేసుకుంటూ మూడోది పట్టాడు. వెలుతురూ కొల్లేటి నీరులాంటిదే, గట్టు వేస్తే చెప్పిన దారిన పోతుందని యజమానికే పాఠం చెప్పాడు. తర్వాత గోరంత గాజుముక్కకి మసి పట్టించి, సూదిమొనతో ఏదో గీశాడు.

వీరాస్వామి ఆ రెండిటినీ లాంతరు ముందు పెట్టి గోడ కేసి చూశాడు. జానెడేసి అక్షరాలు పడ్డాయి. ఒక్కటీ చదవడానికి రాలేదు.

“తిరగేసి పడుతున్నాయిరా తాతారావూ.”

“బాగానే ఉన్నాయండి,” అన్నాడు వాడు, తలైనా ఎత్తకుండా.

శనివారం మొదటి ఆట. ఆపరేటర్ నిత్యానందం రెండు కొరమేనులకి ఒప్పుకున్నాడు. సినిమాకి ముందు, తాతారావు చెప్పినట్టే ఆ గాజుముక్కనీ, కటకాన్నీ దీపానికి ఎదురుగా పెట్టాడు. తెర నిండా మనిషెత్తు అక్షరాలు పరుచుకున్నాయి. అన్నీ కుడి ఎడమై ఉన్నాయి. బెంచీలు గొల్లుమన్నాయి. ముందు కుర్చీలోంచి బుల్లిరాజు, దీపం దగ్గరున్న తాతారావుని చూసి, మీసం దువ్వుకుంటూ లేచాడు.

“తల్లికి తగ్గ కొడుకే. వీడికీ అక్షరాలు రావు.”

అప్పుడు గంగమ్మ గొంతు కూడబలుక్కుంటూ వినబడింది.

“బుల్లి... రాజు... గారూ... మీసం... జాగ్రత్తండి.”

రెండోసారి గడగడా చదివింది. మూడోసారి రాగం తీసి మరీ చదివింది. బుల్లిరాజు చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. జనం బెంచీలన్నీ వెతికారు, నేల టిక్కెట్టు వాళ్లలోనూ వెతికారు. ఆవిడ ఎక్కడా కనబడలేదు.

సినిమా పేర్లు ఎప్పుడూ తిరగేసి కనబడే చోట, ఆ డేరాలో తనలాంటి కొల్లేటి లంకల జనాన్ని కూర్చోబెట్టే చోట, గంగమ్మ దర్జాగా కూర్చుని ఉంది, తెర వెనక.