మడిచిన మూల

పాత పుస్తకాలు అమ్మే ఆ కొట్లో, ఏ పుస్తకం ఎంత నలిగిందో చూసి దాని స్థాయి తేల్చడం వదిన పని. కొట్టు మరిదిది. వదిన కళ్లుగప్పి ఒక్క మరకైనా గడప దాటేది కాదు.

ఆ రాత్రి మేడమీది గదిలో చలికి నూలు శాలువా కప్పుకుని కూర్చుంది. చేతిలో ఉన్న పుస్తకం ఎంత పాతదైనా "కొత్తదానిలా ఉంది" అని రాయొచ్చు. మొదటి పేజీల్లో ఒకదాని మూల మాత్రం, చదివినంతవరకు గుర్తుగా ఎవరో మడిచారు. దాన్ని గోటితో సాపుచేసి, పుస్తకం మీద ఇటుక పెట్టి, ఇంకోటి అందుకుంది.

కాసేపటికి ఇటుక తీసి చూస్తే ఆ మడత పోయింది. కానీ నడిమి పేజీ ఒకటి మడిచి ఉంది. ఇందాక చూసుకోలేదేమోలే అనుకుని దాన్నీ సాపుచేసి, మళ్లీ ఇటుక పెట్టింది.

ఈసారి మడిచి ఉన్నది చివరి పేజీ.

"ఏమయ్యా, పైకి ఎవరైనా వచ్చారా?" అని మెట్ల మీంచి కిందికి కేకేసింది.

"తలుపులేసి చాలాసేపయింది వదినా. నువ్వు దిగితే తాళమేస్తా," అన్నాడు మరిది కిందనుంచి.

మనిషి గొంతు వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఎవరైతేనేం, చదవడం అయిపోయిందిగా అని తనలో తనే నవ్వుకుని, లేచి శాలువా సర్దుకోబోయింది.

వీపు వైపు వేలాడుతున్న శాలువా మూల చేతికి బిరుసుగా తగిలింది. దాన్ని ఎవరో ముక్కోణంగా మడిచి, గోటితో నొక్కి పెట్టారు.

అలా గుర్తు పెట్టుకునేది మళ్లీ వచ్చేవాళ్లే.