బ్రేకులో ఇంకా గాలి ఉంది

“తొక్కు.”

“తొక్కిన.”

“గట్లనే పట్టు... ఆఁ, ఇగ ఇడువు.”

పాత అంబాసిడర్ కింద వెల్లకిలా పడుకున్న జనార్దన్‌రావు స్పానర్‌తో స్క్రూ బిగించి సీసా వంక చూశాడు. పైన స్టీరింగు ముందు ఆయన భార్య సరళాదేవి కుచ్చిళ్లు పైకి దోపుకుని, బ్రేకు పెడల్ మీద కాలు ఆనించి కూర్చుంది. చాలా రోజుల తర్వాత భార్యాభర్తల మధ్య నడిచిన మొదటి సంభాషణ ఇదే.

అసలు గొడవ ఖానాపూర్ ప్రయాణంతో మొదలైంది. అక్కడ ఆమె తమ్ముడు దశరథం కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి బస్సులో పోదామని సరళాదేవి అంటే, మన కారుండగా బస్సెందుకన్నాడు జనార్దన్‌రావు. బస్సు డిపోలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. యంత్రమన్నది ఏదైనా తన మాట వినాల్సిందేనని ఆయన ధీమా. ఆ కారుకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. గేటు దాటకముందే బ్రేకులకు ఆయిల్ పంపే మాస్టర్ సిలిండర్ పోయి, ఆయిలంతా నేలపాలైంది. ముహూర్తం కాస్తా దాటిపోయింది.

పట్టుచీరలో గేటు దగ్గర నిలబడి సరళాదేవి తేల్చి చెప్పింది.

“గీ కారు బాగైననాడు గీ కార్లనే నన్ను మా తమ్ముని ఇంట్ల దించుండ్రి. మల్ల తోల్కపోనీకి రావద్దు. నేనైతె రాను.”

అంతే, మాటలు బంద్. ఇంట్లో ఏం చెప్పుకోవాలన్నా పనిమనిషి భూమవ్వ మీదుగానే. “భూమవ్వా, సార్‌కు చెప్పు, అన్నం పెట్టిన.” సారు పక్క కుర్చీలోనే ఉండేవాడు.

ఖానాపూర్‌కు బస్సులున్నాయి కదా అని అడిగే ధైర్యం ఆయనకు లేదు. సరళాదేవి మాటంటే మాటే. కారు బాగైన రోజున ఆమె వెళ్లిపోతుంది. ఆమె లేని ఇల్లు తలుచుకుంటే ఆయనకు అన్నం సహించేది కాదు. అలాగని కారును పాడుబెట్టి ఊరుకోవడమూ చేతకాదు. డిపో పరువు ఏం కావాలి!

కరీంనగర్ నుంచి కొత్త మాస్టర్ సిలిండర్ తెప్పించి బిగించాడు. ఇక గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు కింద చక్రం దగ్గర స్క్రూ వదులు చేసి గాలిని సన్న గొట్టంతో ఆయిల్ సీసాలోకి పంపాలి. సీసాలో బుడగలు ఆగితే గాలి పోయినట్టు, పెడల్ గట్టిపడుతుంది. భూమవ్వ కారెక్కనంటే ఎక్కనంది. చివరికి సరళాదేవే వచ్చి కూర్చుంది. కారు త్వరగా బాగుపడాలి కదా మరి.

కింద ఉన్న ఆయనకు పెడల్ ఎట్లా ఉందో తెలియదు. పైన ఉన్న ఆమెకు సీసాలో బుడగలు కనిపించవు. ఒకరి మాట ఒకరు నమ్ముకుని చేసుకోవాల్సిన పని అది.

“పెడల్ ఎట్లున్నది?”

“కిందికే పోతున్నది. దూది తొక్కినట్టున్నది.”

“ఫికర్ చెయ్యకు. సిలిండర్ల ఆయిల్ నింపకుంటనే బిగించిన. నాదే తప్పు.”

“ఏమన్నరు?”

“సిలిండర్ ముచ్చట అంటున్న.”

ఊడదీసి, ఆయిల్ నింపి, మళ్లీ బిగించాడు. రెండోనాడు పెడల్ గట్టిపడింది గానీ గేటు దాకా పోయిన కారు చక్రాలు పట్టేసుకుని అక్కడే నిలబడిపోయింది. పెడల్‌కూ సిలిండర్‌కూ నడుమనున్న రాడ్డు మరీ బిగుతుగా ఉంది. అందుకే తొక్కిన బ్రేకు వదలడం లేదు.

మూడోనాడు రాడ్డుకు కొద్దిగా సందిచ్చాడు. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే చక్రాలు హాయిగా తిరిగాయి. మళ్లీ ఆమె పైకెక్కి తొక్కింది, ఆయన కింద స్క్రూ తిప్పాడు. ఆ తర్వాత చాలాసేపు సీసా వంకే చూస్తూ పడుకున్నాడు.

“ఏమైంది?” అంది సరళాదేవి.

“ఇంకా గాలి ఉన్నది.”

ఆమె మరోసారి తొక్కి చూసింది. “అవ్, పెడల్ గూడ మెత్తగనే ఉన్నది. జల్ది కానియ్యుండ్రి, మా తమ్ముడు ఎదురుచూస్తుండు.”

మర్నాటి నుంచి జనార్దన్‌రావు పొద్దున్నే వాకింగ్ కూడా మొదలుపెట్టాడు. ఒంటికి మంచిదట. పెరట్లో ఆమె బోరు మోటరు వేసి మొక్కలకు నీళ్లు పట్టే వేళకు బయల్దేరి, వచ్చేటప్పుడు నిర్మల్ బస్టాండు దగ్గరి హోటల్లో పోహా, జిలేబి కట్టించుకొచ్చేవాడు. వాళ్ల ఇల్లు ఊరవతల, ఖానాపూర్ రోడ్డు మీద. బస్టాండు దగ్గరేమీ కాదు. అయినా మనిషిలో అలుపు కనిపించేది కాదు. సరళాదేవి పొట్లం విప్పి, జిలేబి ఊదుకుంటూ తినేది.

“మంచిగనే నడుస్తున్నరు,” అంది ఒకరోజు.

“మరేమనుకున్నవ్!” అన్నాడాయన ఛాతీ విరుచుకుని.

మధ్యాహ్నం దాటితే మళ్లీ కారు దగ్గరే. ‘తొక్కు’కూ ‘ఇడువు’కూ నడుమ మామిడికాయ పచ్చడి వచ్చింది, కీళ్ల నొప్పులు వచ్చాయి, పెళ్లయిన కొత్తలో చూసిన సినిమాలు వచ్చాయి. భూమవ్వకు నోరు నొప్పి తగ్గింది. ఒకసారి కారు కిందనుంచే ఆయన, “సరళా, ఆనాడు బస్సులనే పోవాల్సుండె. నీ మనసు కష్టపెట్టిన,” అన్నాడు.

పైన సరళాదేవి పెడల్ మీద కాలు సర్దుకుంది.

“తొక్కాల్నా?” అంది.

ఆ సాయంత్రమే దశరథం ఫోన్ చేశాడు.

“లేదు తమ్మీ, బ్రేకు ఇంకా కాలే. నువ్వు వచ్చుడెందుకు? వద్దు వద్దు. మాటన్న గద, గీ కార్లనే వస్త.”

కారు కింద ఊపిరి బిగబట్టి విన్న జనార్దన్‌రావు మెల్లగా గాలి వదిలాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, డిపోలో మాట్లాడిన ధీమాతోనే ప్రకటించాడు.

“ఇంకా గాలి ఉన్నది. రేపు గూడ తియ్యాలె.”

“తియ్యుండ్రి. పెడల్ దూదిలెక్కనే ఉన్నది,” అంటూ సరళాదేవి కారు దిగింది. గడప దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

“రేపు జిలేబికి గీ కార్ల పోయినప్పుడు పాలు గూడ పట్టుకరాండ్రి.”