గొంతు వినిపించే ఫోను

ఫోను మార్చాలా, వద్దా?

మూడు రోజులుగా శ్రీవల్లికి ఇదే ఆలోచన. ఇంత చిన్న సంగతికి అంత ఆలోచనా అని మీకు అనిపించవచ్చు. ఎనిమిదో నెల నిండబోతూ, మల్కాపురంలో రెండో అంతస్తులో కూర్చుని, ఓడెక్కి వెళ్ళిన మొగుడి మాట కోసం రోజంతా కాచుకునే మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఉమాశంకర్ సరుకు ఓడలో మెకానిక్కు. వెళ్ళి నాలుగు నెలలైంది. మొదట్లో రోజూ వీడియోలో కనిపించేవాడు. నెల రోజుల నుంచి ఓడ మరీ దూరం పోయిందట, వీడియో కుదరదట. రోజూ సాయంత్రం ఏడింటికి మామూలు కాల్ మాత్రం వస్తోంది. నంబరు పొడుగ్గా, ఏ దేశానిదో తెలియకుండా ఉంటుంది.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోనూ పాడైంది. మరిది నాగవంశీ చేతిలోంచి జారి నీళ్ళ బకెట్లో పడింది. అప్పటినుంచి అవతలి మాట రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపిస్తుంది. పది మాటల్లో నాలుగు అందితే గొప్ప.

"రిపేరు సేయిత్తాను వదినా" అని నాగవంశీ రెండుసార్లు గాజువాక పట్టుకెళ్ళాడు. రెండుసార్లూ అలాగే తెచ్చాడు.

కొత్త ఫోను సంగతి చెప్పింది పై వాటాలో ఉండే కీర్తన. ఆ వారమే ప్రకటించారట.

"గాలి హోరు, మిషన్ల సౌండు అన్నీ తీసేసి మనిషి గొంతొక్కటే వినిపిత్తాదంట అక్కా. సెవిలో సెప్పినట్టే ఉంటాదంట. శుక్రవారం నుంచి అమ్ముతారు. బుక్ సేసీమంటావా?"

శ్రీవల్లి వెంటనే ఊ అనలేకపోయింది. పాతది ఉమాశంకర్ పెళ్ళయిన కొత్తలో కొనిచ్చింది. దాన్ని పక్కన పడేయడానికి మనసొప్పలేదు. పైగా ఇంట్లో అందరూ వద్దంటున్నారు.

"ఇప్పుడేటి తొందర వదినా" అన్నాడు నాగవంశీ, డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ. అతనికి స్టీలు ప్లాంటులో రెండో షిఫ్టు. "డెలివరీ అయిపోనీ. నానే కొంటాను."

తలెత్తి మాత్రం చూడలేదు.

అత్తగారు కనకరత్నం గోదావరి మనిషి. ఇంట్లోకి కొత్త వస్తువంటే ఆవిడకే ముందు సరదా. ఆవిడా వద్దంది.

"నీ బీపీ సంగతి డాక్టరమ్మ చెప్పింది కదమ్మా. మనసు కష్టపెట్టుకోకూడదంది. పురుడు పోసుకున్నాక చూద్దాం."

కొత్త ఫోనుకీ బీపీకీ ఏం సంబంధమో శ్రీవల్లికి అర్థం కాలేదు.

ఆ మాటకొస్తే ఈ నెలలో ఆ ఇంట్లో చాలా సంగతులు అర్థం కావడం లేదు. కొడుకు కాల్ వస్తే చాలు, అత్తగారు "నువ్వు మాట్లాడమ్మా" అని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. టీవీ కనెక్షన్ తీయించేశారు. మొన్న రాజోలు నుంచి అత్తగారి తమ్ముడు నరసింహమూర్తి వచ్చాడు. శ్రీవల్లి తల మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడ్డాడు. కాఫీ ముట్టలేదు. వెళ్ళొస్తానని కూడా అనకుండా మెట్లు దిగిపోయాడు.

తల్లికీ కొడుక్కీ ఏదో గొడవ జరిగిందని, అది తన దగ్గర దాస్తున్నారని శ్రీవల్లి అనుమానం. పురుటికి ఆయన రాడేమోనని భయం. ఆ భయంతో తిన్నది ఒంటికి పట్టడం లేదు.

బుధవారం కాల్‌లో ఆయన్నే అడిగేసింది. గరగరలోంచి నాలుగు ముక్కలు వినిపించాయి.

"వద్దు... పాతదే... డెలివరీ... ఆగు."

శ్రీవల్లికి ఒళ్ళు మండింది. అందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే పాట. కట్టుకున్నవాడి గొంతు శుభ్రంగా వినాలనుకోవడం కూడా తప్పేనా? అక్కడికక్కడే కీర్తనకి ఫోన్ చేసింది.

"బుక్ సేసీ. మా ఇంట్లో ఎవరికీ సెప్పకు."

శుక్రవారం మధ్యాహ్నం, నాగవంశీ డ్యూటీకి వెళ్ళాక, పెట్టె వచ్చింది. కీర్తనే సిమ్ము మార్చి ఇచ్చింది. పొద్దు వాలాక అత్తగారు వంట మొదలుపెట్టింది. శ్రీవల్లి గదికి గడియ పెట్టుకుని, కిటికీ మీద పేరుకున్న పోర్టు బొగ్గు పొడి తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ కూర్చుంది.

ఏడుకు రెండు నిమిషాలుండగా ఫోను మోగింది.

"వల్లీ, మందులేసుకున్నావా?"

నిజంగానే చెవిలో చెప్పినట్టుంది. గరగర లేదు, హోరు లేదు. ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. గొంతు తనకు గుర్తున్నదానికంటే కాస్త సన్నగా, కాస్త లేతగా అనిపించింది. ఇన్నాళ్ళకి సరిగ్గా వింటున్నాను కదా, అనుకుంది. కొత్త ఫోను సంగతి చెబుదామనుకుంది గానీ నోటికి వేరే మాట వచ్చింది.

"నాకు బయ్యంగా ఉంది బావా" అంది. "ఇంట్లో అందరూ ఏటో దాత్తన్నారు. పురుడికి నువ్వు వత్తావా, రావా? అదొక్కటి సెప్పు సాలు."

శ్రీవల్లికి ఏడుపు ఆగలేదు. కడుపు పట్టుకుని మంచం మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవకు వదినా... నానున్నాను కదా."